ఎల్లమ్మ బిళ్ళ

ఆ బంగారు బిళ్ళను అత్తగారు మెడలో కట్టినప్పుడు రాజమణికి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల దాకా రాగానే అత్తగారు తన మెడలోని నల్లతాడు విప్పి, దానికున్న బిళ్ళకు పసుపు పూసి కోడలి మెడలో వేసింది.

"ఎల్లమ్మ తల్లి బిడ్డా ఇది. దీన్ని కట్టుకున్నదాని ఒడి ఖాళీగ ఉండది. మా అత్త నాకు కట్టింది, వాళ్ళత్త ఆమెకు కట్టింది" అంది.

రెండు నెలలకు సాగర్ పుట్టాడు. ఇక రాజమణికి అనుమానమన్నది లేకుండా పోయింది.

ఆ బిళ్ళ సూర్యాపేట అవతల, మూసీ ఒడ్డున చెలక దున్నుతుంటే దొరికిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఎవరికి దొరికిందో, ఎన్ని తరాల కిందట దొరికిందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. రూపాయి బిళ్ళకంటే చిన్నది, కాస్త మందం. ఒకవైపు పక్కకు తిరిగిన ఆడమనిషి ముఖం, నడినెత్తిన కిరీటం లాంటిది. రెండోవైపు నిలబడ్డ ఆడమనిషి, చేతిలో పొడుగాటి కర్ర. అది త్రిశూలమని అత్తగారు చెప్పింది. ప్రతి శుక్రవారం పసుపు, కుంకుమ పెట్టీ పెట్టీ అంచుల్లో ఉన్నదేమిటో కనిపించకుండా పూడిపోయింది. పైన తాడు దూర్చడానికి ఎప్పుడో ఎవరో అతికించిన చిన్న కొండి ఉంది.

రాజమణి పాతబస్తీలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా పనిచేసింది. ఇల్లు పురానాపూల్ దగ్గర. భర్త గుండయ్య బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో హమాలీ. ఆసుపత్రిలో ఆమె జోడు ఖైసర్ బేగం. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు, ఒకే వార్డులో పనిచేశారు. ఏ తల్లికైనా కాన్పు కష్టమైతే ఖైసర్ బేగం ఒకపక్క నిలబడి దువా చదివేది, రాజమణి రెండోపక్క నుంచి తన మెడలోని బిళ్ళను ఆ తల్లి నుదుటికి తగిలించేది. బుర్ఖా వేసుకొచ్చినవాళ్ళకూ అంతే, బొట్టు పెట్టుకొచ్చినవాళ్ళకూ అంతే.

"నా దువా విన్నడో, నీ బిళ్ళ మాట విన్నడో ఖుదాకే ఎరుక. బచ్చా అయితే ఏడ్చింది గదా, చలో చాయ్ తాగుదాం" అనేది ఖైసర్ బేగం.

ఏడవని పిల్లలు కూడా ఉండేవారు. వాళ్ళను తెల్లగుడ్డలో చుట్టి తండ్రి చేతికి ఇచ్చే పని ఆయాలదే. తల్లికి చూపించకూడదని రాజమణికి కొత్తలోనే పాత ఆయాలు నేర్పారు. చూస్తే మరిచిపోదు, మనసు విరిగిపోతుంది, చూడకపోతే తొందరగా కోలుకుంటుంది అనేవారు. ఆమె ఎన్ని మూటలు తండ్రుల చేతుల్లో పెట్టిందో ఆమెకే తెలియదు. ఆ పద్ధతి తప్పని ఏ రోజూ అనిపించలేదు.

గుండయ్య గుండెపోటుతో పోయినప్పుడు పుస్తెలు తీసేసింది గానీ బిళ్ళ తియ్యలేదు. అది కోడలికి ఇవ్వాల్సిన సొత్తు. కోడలు వచ్చేదాకా తన మెడలో ఉండాల్సిందే.

కోడలు వచ్చింది. పేరు షారోన్. సాగర్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఉప్పుగూడలో ఒక చిన్న స్కూలు దగ్గర తీగలు మార్చడానికి పోయి, అక్కడ మూడో తరగతి పంతులమ్మను ఇష్టపడ్డాడు. పెళ్ళి ముందు రాజమణి కొంత భయపడింది. చర్చికి పోయే పిల్ల, మన ఇంట్లో ఇముడుతుందా అని. తీరా వచ్చాక ఆ భయం నిలవలేదు. షారోన్ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అత్త మోకాళ్ళకు నూనె రాస్తూ పిల్లలు చేసిన అల్లరంతా చెప్పేది. మాత్రల డబ్బాల మీద ఏది పొద్దున, ఏది రాత్రి అని సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసిపెట్టింది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు, "అత్తమ్మా, పోయొస్త" అని చెప్పి పోయేది. దసరాకు గుమ్మానికి తోరణం తనే కట్టేది. దేవుడి అర్ర ముందు మాత్రం చేతులు జోడించేది కాదు. రాజమణి చూసీ చూడనట్టు ఊరుకునేది.

షారోన్‌కు ఏడో నెల వచ్చింది. శ్రీమంతానికి బస్తీ ఆడవాళ్ళందరూ వచ్చారు. ఖైసర్ బేగం లాడ్ బజార్ నుంచి ఆకుపచ్చ గాజులు తెచ్చి, తనే షారోన్ చేతులకు ఎక్కించింది. షారోన్ నవ్వుతూ పూలు పెట్టించుకుంది, చెంపలకు గంధం రాయించుకుంది. అప్పుడు రాజమణి తన మెడలోని నల్లతాడు విప్పింది. బిళ్ళకు పసుపు పూసి కోడలి మెడ దగ్గరికి తెచ్చింది.

షారోన్ ఆమె చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"అత్తమ్మా, ఇది ఎల్లమ్మ గదా?"

"అవు బిడ్డా. మనింటి తల్లి."

"నేను ఒక్క దేవుణ్ణే మొక్కుత అత్తమ్మా. మీకు తెలుసు. గాజులు ఏసుకున్న, పూలు పెట్టుకున్న. దేవతను మాత్రం మెడల కట్టుకోలేను. తప్పుగ అనుకోవద్దు."

గొంతు పెంచలేదు. కానీ గదిలో అందరికీ వినబడింది. ఎవరో గుసగుసలాడారు. రాజమణి చేతులు వెనక్కి తీసుకుని, తాడు మళ్ళీ తన మెడలోనే కట్టుకుంది. ఆ సాయంత్రం అందరూ పోయాక ఖైసర్ బేగం, "పిల్ల మంచిది రాజమణీ. దిల్ మే మత్ రఖ్. మనసుల పెట్టుకోకు" అంది. పెట్టుకోలేదనే చెప్పింది రాజమణి.

తొమ్మిది నెలలు నిండిన నాలుగో రోజు షారోన్‌ను ఆసుపత్రిలో చేర్చారు. రాజమణి రిటైరై రెండేళ్ళయినా అక్కడ అందరూ తెలిసినవాళ్ళే. లోపలికి రానిచ్చారు. పొద్దున తొమ్మిదింటికి కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినబడింది. పదకొండింటికి వినబడలేదు. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుంది. డాక్టర్లు షారోన్‌కు మత్తిచ్చి చేయగలిగిందంతా చేశారు. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

సుగుణమ్మ అనే ఆయా తెల్లగుడ్డ మూట తెచ్చి రాజమణి చేతుల్లో పెట్టింది. "అక్కా" అని గోడవైపు తిరిగింది.

రాజమణి గుడ్డ అంచు పక్కకు తీసి చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ కప్పింది. తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పనే చేసింది. వరండాలోకి పోయి మూటను సాగర్ చేతుల్లో పెట్టి, "షారోన్ లేవకముందే తీస్కపో. చూపెట్టొద్దు. చూస్తే మర్చిపోదు" అంది. సాగర్ ఇద్దరు దోస్తులతో పోయి మూసీ పక్కన శ్మశానంలో పాతిపెట్టి వచ్చాడు.

షారోన్‌కు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె చేతికి కట్టిన చీటీ మీద 'బేబీ ఆఫ్ షారోన్' అని రాసి ఉంది. ఆ చీటీని ఇంటికి వచ్చాక కూడా విప్పలేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజు షారోన్ మంచం మీద కూర్చుని ఉంది. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. రాజమణి పొడిగుడ్డ తెచ్చి ఇచ్చింది. షారోన్ దాన్ని తీసుకోకుండా అడిగింది.

"ఒక్కసారి చూపిస్తే ఏమయ్యేది అత్తమ్మా? తొమ్మిది నెలలు మోసిన. ఒక్క నిమిషం చూడనిస్తే ఏమయ్యేది?"

బిడ్డ పోయిన నాటి నుంచి రాజమణికి నిద్ర లేదు. మనవరాలు పోయిన దుఃఖం, నలుగురిలో వెనక్కి తీసుకున్న చేతుల అవమానం, రెండూ ఒక్కసారే నోటికి వచ్చాయి.

"ఆనాడు బిళ్ళ కట్టుకుంటే చూసుకునేదానివే. ఒళ్ళె పండబెట్టుకొని చూసుకునేదానివి."

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. షారోన్ ఏడవలేదు, దుప్పటి లాక్కుని పడుకుంది. గుమ్మంలో నిలబడ్డ సాగర్ మాత్రం, "అమ్మా!" అన్నాడు. అంత గట్టిగా అతను తల్లిని ఎప్పుడూ పిలవలేదు.

ఇరవై రోజులకు వాళ్ళు ఉప్పుగూడలో రెండు గదులు అద్దెకు తీసుకుని వెళ్ళిపోయారు.

ఎనిమిది నెలలు గడిచాయి. సాగర్ ఆదివారాలు ఒక్కడే వచ్చేవాడు. బియ్యమో, మాత్రలో తెచ్చి పెట్టి, నిలబడే నీళ్ళు తాగి పోయేవాడు. "షారోన్ మంచిగుందా?" అని అడిగితే "ఉన్నది" అనేవాడు. "ఏమంటుంది?" అంటే "ఏమనదు" అనేవాడు. రాజమణి చాలాసార్లు ఉప్పుగూడ పోవాలనుకుంది. పోయి ఏం చెప్పాలో తెలిసేది కాదు. తాను అన్న మాట దుర్మార్గమైనదని తెలుసు. కానీ మనసు అడుగున ఇంకో మాట ఉండేది. నిజంగానే కట్టుకుని ఉంటే? ఆ మాట అక్కడ ఉన్నంతకాలం తప్పయిందని చెప్పినా అది నోటిమాటే అవుతుందని ఆమెకు అనిపించేది.

ఒక పొద్దున ముఖం కడుక్కుంటుంటే కొండి విరిగి బిళ్ళ బకెట్లో పడింది. రాజమణి దాన్ని కొంగున కట్టుకుని ఖైసర్ బేగం ఇంటికి పోయింది. ఖైసర్ బేగం భర్త బాబూమియా ఠప్పాలు చెక్కే పనివాడు. కంసాలులు పల్చటి బంగారు రేకును అచ్చు మీద పెట్టి కొడితే లక్ష్మి బొమ్మో, చంద్రవంకో తేలుతుంది కదా, ఆ అచ్చులను ఇనుములో చెక్కడం ఆయన వృత్తి. లాడ్ బజార్ వెనక సందులో, ఇంటి ముందుగదే ఆయన దుకాణం.

"భాయ్, కొండి ఊడింది. జర టాకా వేసి అతికిస్తరా?"

బాబూమియా కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "వేస్త చెల్లె. కానీ మస్తు మైల పట్టింది. మైల మీద టాకా నిలవదు. కడుగుదునా?"

పసుపు తీయడానికి రాజమణికి మనసొప్పలేదు. అయినా సరేనంది. ఆయన కుంకుడు రసంలో బిళ్ళను నానబెట్టి మెత్తటి కుంచెతో తోమాడు. నీళ్ళు పచ్చగా, తర్వాత ఎర్రగా మారాయి. మూడోసారి కడిగి, గుడ్డతో అద్ది, వెలుతురుకు పెట్టి చూశాడు.

"యా అల్లా! యాభై ఏళ్ళ సంది ముఖాలు చెక్కుతున్న. గిసంటి చెయ్యి నేను చూడలే. గదువ చూడు, మెడ చూడు. బొమ్మ కాదు ఇది, ఎవరో మనిషి కూసుంటే ఎదురుంగ చూసి చెక్కినట్టుంది." తర్వాత గోరును ఆ గడ్డం మీంచి అంచు మీదికి జరిపాడు. "చెల్లె, ఇక్కడ అక్షరాలు ఉన్నయి. అంగ్రేజీ అక్షరాలు."

"ఎల్లమ్మ బిళ్ళ మీద ఇంగ్లీషు ఎందుకుంటది భాయ్?"

"అదే నేను అడుగుతున్న."

బాబూమియాకు ఆనందరావు అనే ఆయన తెలుసు. మ్యూజియంలో నాణేల విభాగంలో పనిచేసి రిటైరై గౌలిపురాలో ఉంటున్నాడు. పాత ఠప్పాలు చూడటానికి అప్పుడప్పుడు వచ్చేవాడు. ఫోన్ చేస్తే మర్నాడు పదింటికల్లా వచ్చాడు. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, భూతద్దంలోంచి చూసి, మూసీ ఒడ్డున దొరికిందన్న కథ రాజమణి నోట విని, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఇది ఎల్లమ్మ కాదు. మన దేశపు నాణెమే కాదు. రోము దేశానిది. దగ్గర దగ్గర పద్దెనిమిది వందల డెబ్భై, ఎనభై ఏళ్ళ కిందటిది. ఆ కాలంలో మన మిరియాలకు, బట్టలకు వాళ్ళు బంగారు నాణేలు ఇచ్చేవాళ్ళు. మీ మూసీ ఒడ్డున దొరికిందంటే ఆశ్చర్యం లేదు."

"మరి ఈమె ఎవరు సార్?"

"మహారాణి. పేరు ఫౌస్టీనా. ఇదిగో, దివా ఫౌస్టీనా అని ఉంది. దివా అంటే దేవత అయినామె. మన దివ్యమన్న మాటకు దగ్గరి మాటే."

"అయితే దేవతే గదా?"

"బతికున్నప్పుడు కాదమ్మా. చచ్చిపోయినాక. రోములో రాజు, రాణి పోతే వాళ్ళను దేవుళ్ళలో చేర్చేవాళ్ళు. ఈమె పోయినాక భర్త ఈమెను దేవతను చేయించి, గుడి కట్టించి, ఈమె ముఖంతో నాణేలు కొట్టించాడు. ఏదో ఒక్క ఏడాది కాదు. తను పోయేదాకా, ఇరవై ఏళ్ళు కొట్టిస్తూనే ఉన్నాడు. ఇది కిరీటం కాదు, చూడండి, జడలు అల్లి నడినెత్తిన చుట్టిన కొప్పు. ఈమె అట్లాగే వేసుకునేదట. ఆ కొప్పును కూడా మరిచిపోలేదు ఆయన."

"ఆ రాజును ఏమనేటోళ్ళు?" అంది చాయ్ కప్పులు తెచ్చిన ఖైసర్ బేగం.

"పేరు ఆంటోనైనస్. రోము రాజులందరికీ సీజర్ అని బిరుదు. అదే మాట అరబ్బులకు పోయి ఖైసర్ అయింది."

ఖైసర్ బేగం ట్రే పట్టుకుని అట్లాగే నిలబడింది. "అంటే నా పేరు బాద్షాదా? సున్తే హో జీ, వింటున్నరా? ముప్పై ఏళ్ళు బాద్షాతోని బెడ్‌పాన్‌లు కడిగిపిచ్చిండ్రు!"

బాబూమియా నవ్వాడు. ఆనందరావు కూడా నవ్వాడు. రాజమణి నవ్వలేదు. ఆమె బిళ్ళ వెనకవైపు తిప్పి, నిలబడ్డ ఆడమనిషి చేతిలోని కర్ర మీద వేలు పెట్టింది.

"ఇది త్రిశూలం కాదా సార్?"

"కాగడా అమ్మా. ఈమె వాళ్ళ పంటల దేవత. కూతురు తప్పిపోతే కాగడా పట్టుకుని లోకమంతా వెతికిందని కథ."

"దొరికిందా?"

"దొరికింది. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే తల్లి దగ్గర ఉండేదట."

రాజమణి బిళ్ళను మళ్ళీ ముఖం వైపు తిప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రసూతి వార్డులో ఏ కొత్త తల్లి వచ్చినా మొదట అడిగే మాటే అడిగింది.

"ఈమెకు పిల్లలెంతమంది సార్?"

ఆనందరావు తల ఎత్తి చూశాడు. "ఇన్నేళ్ళల్ల ఈ మాట నన్ను ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. "నలుగురు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ముగ్గురు పోయారు. ఈమె మహారాణి అయ్యేనాటికే పోయారు. ఒక్క కూతురు మిగిలింది."

"ముగ్గురు."

"ముగ్గురమ్మా."

ఆ తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పాడు. కరిగించొద్దన్నాడు, నలుగురికీ చూపిస్తూ తిరగొద్దన్నాడు, ఫొటో తీసుకుని వివరాలు రాసుకుంటానన్నాడు. రాజమణికి ఏదీ సరిగా వినబడలేదు. ఈ ముఖాన్ని ఎంతమంది నుదుళ్ళకు తగిలించిందో తలుచుకుంటోంది. బతికిన పిల్లలే ఇన్నాళ్ళూ గుర్తున్నారు. తగిలించినా బతకని పిల్లలు ఇప్పుడు గుర్తుకొచ్చారు. ధూల్‌పేట నుంచి వచ్చిన సన్నటి పిల్ల, జియాగూడ ఆమె, కవలలు పోయిన ఆమె. వాళ్ళ నుదుళ్ళకూ ఇదే బిళ్ళ తగిలింది.

ఆనందరావు పోయాక ఖైసర్ బేగం వచ్చి పక్కన కూర్చుంది.

"ఆపా," అంది రాజమణి, "ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నామె ఈమె. తన పిల్లల్నే ఆపుకోలేకపోయింది. ఈమెను కట్టుకోలేదని నేను ఆ పిల్లను ఎంత మాట అన్న!"

"పో. పోయి చెప్పు."

"ఏం ముఖం పెట్టుకొని పోను?"

"ఉన్న ముఖం పెట్టుకొని పో. వేరే ముఖం ఎక్కడికెళ్ళి తెస్తవ్?"

మర్నాడు మధ్యాహ్నం రాజమణి ఆటో ఎక్కి ఉప్పుగూడ పోయింది. స్కూలుకు వేసవి సెలవులు. తలుపు తీసింది షారోనే. చిక్కిపోయింది. ఒక క్షణం అట్లా చూసి, "రండి అత్తమ్మా" అంది. కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది. తను కింద గోడకు ఆనుకుని కూర్చుంది. రాజమణి కుర్చీ వదిలి తనూ కిందే కూర్చుంది. మోకాళ్ళు వంగడానికి కొంతసేపు పట్టింది. షారోన్ సాయం చేయడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నేనన్న మాట తప్పు బిడ్డా" అంది రాజమణి. "ఆనాడే తెలుసు. కానీ లోపల నిజమేనేమో అనుకున్న. ఎనిమిది నెలలు అట్లనే అనుకున్న. అందుకే రాలే. ఇప్పుడు అనుకుంటలేను. అందుకే వచ్చిన."

కొంగు ముడి విప్పి బిళ్ళ చూపించింది. ఆనందరావు చెప్పినదంతా తనకు గుర్తున్నట్టు చెప్పింది. రాజు, రాణి, కొప్పు, నలుగురు పిల్లలు. అంతా విని షారోన్ చెయ్యి చాపింది. ఆ బిళ్ళను ఆమె చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. అంచు మీది అక్షరాలు మెల్లగా, పిల్లలకు చదివి వినిపించినట్టు, ఒక్కొక్కటే చదివింది. తర్వాత ఆ ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది.

"ఇన్ని వందల ఏళ్ళయినా ఈమె ఎట్లుంటదో అందరికీ తెలుసు" అంది. "నా బిడ్డ ఎట్లుంటదో నాకు తెల్వదు."

రాజమణి తల వంచుకుంది.

"మీరు చూసిండ్రు గదా అత్తమ్మా. గుడ్డ తీసి చూసిండ్రని సుగుణమ్మ చెప్పింది. ఆయన చూడలే. నేను చూడలే. ఆ ముఖం చూసింది మీరొక్కరే."

"చూసిన."

"చెప్పండి."

"చెప్తే ఇంకా బాధయితది బిడ్డా."

"బాధ అయితే నాకయితది. చెప్పండి."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ తల్లికీ రాజమణి అట్లా చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కాసేపు చీరంచు నలిపింది.

"జుట్టు మస్తుండె. నల్లగ. తడిసి నుదుటికి అతుక్కొని ఉండె. నేను వేలుతోని పక్కకు తీసిన."

షారోన్ కళ్ళు మూసుకుంది.

"ముక్కు నీదే. కొనకు జర వెడల్పు. గదువ మా సాగర్‌ది. కింది పెదవి లోపలికి మడుచుకొని ఉండె, అలిగినట్టు. కుడి చెవి పైన జర మడతపడి ఉండె. పుట్టంగనే గట్ల ఉంటది, తర్వాత సాపయితది."

"రంగు?"

"తెలుపు. పెదాలు మాత్రం నల్లబడినయి."

"వేళ్ళు?"

"సన్నగ పొడుగ్గ ఉండె. గోర్లు పెరిగి ఉండె."

"నిద్రపోయినట్టు ఉండెనా? అందరూ గట్లనే అంటరు. నిద్రపోయినట్టే ఉండెనని."

అవునని అంటే ఏం పోయేది? అయినా రాజమణికి అబద్ధం నోటరాలేదు. "లేదు బిడ్డా. నిద్రపోయే పసిపిల్లల ముఖాలు నేను వేలకొద్ది చూసిన. గట్ల లేకుండె. కానీ నొప్పి లేకుండె ముఖంల. అది నిజం."

షారోన్ అప్పుడు ఏడ్చింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, శబ్దం లేకుండా మొదలై, తర్వాత ఆపుకోలేనంత గట్టిగా. రాజమణి ముట్టుకోలేదు. ముట్టుకునే హక్కు తనకు లేదనిపించింది. పక్కనే కూర్చుంది, అంతే.

డ్యూటీ దిగి వచ్చిన సాగర్ ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నేను విప్పి చూడలే" అన్నాడు. "చూస్తే మోయలేననుకున్న. మట్టి వేసినాక అనిపించింది, చూడాల్సి ఉండెనని."

అతను గుమ్మంలోనే కూర్చున్నాడు. "మళ్ళ చెప్పు అమ్మా. మొదటి సంది చెప్పు" అన్నాడు. రాజమణి మళ్ళీ చెప్పింది.

పోయేముందు షారోన్ బిళ్ళను తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"నాకు కోపం పోలేదు అత్తమ్మా. పోయిందని చెప్పలేను."

"పోకున్నా సరే బిడ్డా. నేను మాత్రం వస్త."

వాళ్ళు పురానాపూల్‌కు తిరిగి రాలేదు. రాజమణే ఆదివారం మధ్యాహ్నాలు, షారోన్ చర్చి నుంచి వచ్చే వేళకు, ఉప్పుగూడ పోతోంది. బిళ్ళకు కొండి వేయించలేదు. ఆనందరావు వచ్చి ఫొటోలు తీసుకుని, కొలిచి, రాసుకుని పోయాక దాన్ని ఒక గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. శుక్రవారం పసుపు పెట్టడం మానేసింది.

షారోన్‌తో మాటలు తక్కువే. ఇద్దరూ కూర్చుని కూరగాయలు తరుగుతారు. ఉన్నట్టుండి షారోన్ అడుగుతుంది: కనుబొమ్మలు ఉండెనా? అరచేతులు మూసుకొని ఉండెనా? రాజమణి చేస్తున్న పని ఆపి, గుర్తు చేసుకుని, చూసింది చూసినట్టు చెబుతుంది. చూడనిది చూడలేదంటుంది. ఒక ప్రశ్న రెండోసారి వచ్చినా మొదటిసారి అడిగినట్టే చెబుతుంది.

మొన్న ఆదివారం బెండకాయలు తరుగుతూ షారోన్, "గదువ కింద సొట్ట ఉండెనా అత్తమ్మా? మా అమ్మకు ఉంటది" అని అడిగింది.

రాజమణి కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికింది. జుట్టు కనబడింది, మడతపడిన చెవి కనబడింది. గదువ దగ్గరికి వచ్చేసరికి ఏదీ ఆనలేదు. ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది.

"యాదికొస్తలేదు బిడ్డా" అంది భయంగా.

షారోన్ చేతిలోని కత్తి ఆగింది. తర్వాత, "సరే అత్తమ్మా" అని, తన ముందున్న బెండకాయల్లో సగం అత్త ముందుకు జరిపింది.